వంటింటికీ అడవికీ ఒకే కత్తి: ఏ స్టీల్‌తో చేయించాలి?

కత్తి చేయించుకోవాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "ఏ స్టీల్ మంచిది?" హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నాకు తెలిసినవాళ్ళు ఫోన్లో స్టీల్ పేర్లు చూసి చూసి తల తిరిగాక ఈ ప్రశ్నతోనే వస్తారు. నేను తిరిగి మూడు సంగతులు అడుగుతాను. దాంతో ఎక్కువగా ఏం కోస్తారు? కోశాక తుడిచి పెట్టేది ఎవరు? దానికి హీట్ ట్రీట్‌మెంట్, అంటే కాల్చి ముంచి గట్టిపరచడం, చేసేది ఎవరు? మూడోదానికి జవాబు లేకుండా స్టీల్ పేరు పట్టుకుని కూర్చోవడం దండగ. ఊరి కొలిమిలో ఒద్దికగా పదునుకొచ్చిన లారీ కమాన్ పట్టీ ముందు, సరిగా కాల్చని ఖరీదైన విదేశీ స్టీల్ నిలవదు.

నా ఎంపిక ముందే చెప్పేస్తాను. కొలిమి దగ్గర చేయిస్తుంటే కమాన్ పట్టీ. వేడి లెక్కగా చూపించే ఫర్నేస్ దొరికి, కత్తి తుడిచే అలవాటు ఇంట్లో ఉంటే ఈఎన్ 31 అనే బేరింగ్ ఉక్కు. తుడవడం జరగని పని అనుకుంటే ఏఈబీ-ఎల్ లేదా 14సీ28ఎన్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు తీసుకుని, హీట్ ట్రీట్‌మెంట్‌కి హైదరాబాద్ పంపండి. ఎందుకో ఇక వివరంగా చూద్దాం.

రెండు పనులు, రెండు రకాల దెబ్బలు

వంటింట్లో కత్తికి తగిలే దెబ్బ చిన్నది, కానీ రోజూ తగులుతూనే ఉంటుంది. ఉల్లిగడ్డలు, టమాటలు, పచ్చిమిరపకాయలు, బీరకాయ, అప్పుడప్పుడు కొర్రమట్ట, ఆదివారం నాటుకోడి. అంచు సన్నగా ఉంటేనే టమాట తోలు మీద జారకుండా దిగుతుంది. దీనికి తోడు తడి, ఉప్పు, పులుపు. మామిడికాయ కోసిన పూట కత్తిపీట నల్లబడటం, ముక్క అంచున బూడిదరంగు మరక దిగడం మన ఇళ్ళల్లో అందరూ చూసిందే. చాలా ఇళ్ళల్లో కత్తిపీట బ్లేడ్ మామూలు కార్బన్ ఉక్కుదే. మీరు చేయించుకునే కార్బన్ స్టీల్ కత్తి కూడా అచ్చం అలాగే నల్లబడుతుంది. అది పాడవడం కాదు. నల్లబడిన పొర కొంతవరకు ఎర్ర జంగును ఆపుతుంది కూడా.

లక్నవరం ఒడ్డునో, తాడ్వాయి దగ్గరో ఒక రాత్రి గడిపే కత్తికి పడే దెబ్బ వేరు. పొయ్యిలోకి పుల్లలు చీల్చాలి, తాడు కోయాలి, టెంటుకు మేకులు చెక్కాలి, బొంగు చికెన్ కోసం పచ్చి వెదురు నరకాలి. వెదురులో ఇసుక గుణం, అంటే సిలికా ఉంటుంది, అందుకే అది పదునును తినేస్తుంది. పైగా కణుపు దగ్గర కత్తి ఇరుక్కుంటే మనం పక్కకు మెలితిప్పుతాం. సన్నటి అంచుకు అంతకు మించిన పరీక్ష లేదు. చలికాలం పొద్దున పొగమంచులో కత్తిని తోలు ఒరలోనే వదిలేస్తే మధ్యాహ్నానికి మచ్చలు తేలతాయి.

స్టీల్‌కి ముఖ్యంగా మూడు గుణాలు చూడాలి: పదును ఎన్నాళ్ళు నిలుస్తుంది, దెబ్బకు ఎంత ఓర్చుకుంటుంది, జంగును ఎంత ఆపుతుంది. మూడూ ఒకేసారి పైకి లేవవు. కార్బన్, క్రోమియం, వెనేడియం లాంటివి ఎక్కువ వేస్తే ఉక్కులో కార్బైడ్‌లనే గట్టి రేణువులు పుడతాయి. అవి అరుగుదలను ఆపుతాయి. అవే పెద్దవై గుంపుగా చేరితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. వంటింటి కత్తి మొదటి గుణం అడుగుతుంది, అడవి కత్తి రెండోది అడుగుతుంది. మన జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉండే ముసురు మూడోది అడుగుతుంది. ఒకే కత్తితో రెండు పనులూ చేయాలనుకున్నప్పుడు నేను రెండో గుణానికే పెద్దపీట వేస్తాను. మొండిపోయిన అంచు రాయి మీద పది నిమిషాల్లో మళ్ళీ వస్తుంది, పెచ్చు లేచిపోయిన అంచును సరిచేయాలంటే బోలెడంత ఉక్కు అరగదీయాలి.

గట్టిదనాన్ని రాక్‌వెల్ సీ అనే కొలతలో చెప్తారు. బజారులో దొరికే చవక స్టెయిన్‌లెస్ చాకులు 52, 54 దగ్గర ఉంటాయి, అందుకే వారానికే మొండిపోతాయి. జర్మన్ తరహా వంటింటి కత్తులు 55 నుంచి 58, జపాన్ తరహావి 60 పైన. మన కత్తికి 58 నుంచి 60 మధ్య అడగండి. అంతకంటే తగ్గితే టమాట దగ్గర విసుగొస్తుంది, అంతకంటే పెంచితే వెదురు కణుపు దగ్గర భయమేస్తుంది.

కమాన్ పట్టీ

లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు వేసే కమాన్ పట్టీ మన కమ్మరులకు తరతరాలుగా చేతికి అలవాటైన ఉక్కు. కొడవళ్ళు, గొడ్డళ్ళు, వేటకత్తులు ఎన్నో దీంతోనే తయారవుతాయి. బయటి దేశాల్లో ఈ జాతికి 5160 పేరు బాగా నడుస్తుంది. అందులో కార్బన్ 0.6 శాతం దగ్గర, క్రోమియం 0.8 శాతం దగ్గర ఉంటాయి. మన దగ్గర దొరికే పట్టీలు కొన్ని ఆ తరహావి, కొన్ని ఈఎన్ 45 లాంటి సిలికాన్ కలిసినవి, ఇంకొన్ని క్రోమియం, వెనేడియం కలిసినవి. పాత పట్టీ మీద ఏ గ్రేడో రాసి ఉండదు. అయినా వీటన్నిటిదీ ఒకే స్వభావం: నూనెలో ముంచితే గట్టిపడతాయి, వేడి కాస్త అటూ ఇటూ అయినా క్షమిస్తాయి, దెబ్బకు విరగవు.

పాత పట్టీతో అసలు చిక్కు గ్రేడు కాదు, అలసట. ఏళ్ళ తరబడి బరువు మోసి వంగి లేచిన ఉక్కులో కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి. మా వైపు ఒక కమ్మరి తాత పట్టీని ఎలా చూస్తాడో దగ్గర కూర్చుని చూశాను. ముందు కొన పట్టుకుని వేలాడదీసి సుత్తెతో మెల్లగా కొడతాడు. మోత సాగితే పనికొస్తుందని పక్కన పెడతాడు, మధ్యలో తెగినట్టు వినిపిస్తే అవతల పారేస్తాడు. తర్వాత కిరోసిన్ రాసి, కాసేపాగి గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లుతాడు. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నటి గీత తేలుతుంది. ఆ రోజు పట్టీ నడుమ బోల్టు బొక్క చుట్టూ అలాంటి గీత కనపడింది. "బొక్క కాడ్నే పగులు వడ్తది బిడ్డా, గీ నడుమ ముక్క ముట్టకు, కొన కోసుకో" అన్నాడు. సరైన మాట. పట్టీలో బలం ఎక్కువగా పడేది నడుమనే, అక్కడే బొక్క కూడా ఉంటుంది. కొన ముక్కలకు ఆ బాధ తక్కువ. వీలైతే వరంగల్‌లో పట్టీలు బిగించే దుకాణంలో కొత్త పట్టీ మిగులు ముక్కే అడగండి, ఈ బెడదే ఉండదు.

ముక్క దొరికాక కత్తికి పూనుకోకముందు చిన్న తునక కోసి పరీక్ష చేయించండి. దాన్ని ఎర్రగా కాల్చి, అయస్కాంతానికి అంటుకోవడం మానేసిన తర్వాత మరి కాస్త వేడి ఎక్కించి, వెచ్చటి నూనెలో ముంచాలి. అయస్కాంత గుణం పోయేది 770 డిగ్రీల దగ్గర, ఈ జాతి ఉక్కుకు కావలసింది 830 దగ్గర. చల్లారాక ఆకురాయి గీస్తే అది కొరక్కుండా జారాలి. అప్పుడు వైస్‌లో బిగించి, గుడ్డ కప్పి, సుత్తెతో విరగ్గొట్టి విరిగిన ముఖం చూడండి. సన్నగా, మెరుపు లేని బూడిదరంగులో ఉంటే వేడి సరిపోయింది. చక్కెర పలుకుల్లా మెరిస్తే మితిమీరి కాల్చారన్నమాట. అలా కాల్చిన కత్తి ఎంత గట్టిగా అనిపించినా ఒకరోజు ఠక్కున విరుగుతుంది. ఈ ఒక్క పరీక్ష చేసే కమ్మరి దొరికితే ఏ స్టీల్ అన్న చర్చలో సగం తేలిపోయినట్టే.

ముంచడంతో పని అయిపోదు. నూనెలోంచి తీసిన కత్తి గాజంత పెళుసు. దాన్ని 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు వేడి చేస్తేనే ఓర్పు వస్తుంది. దీన్నే టెంపరింగ్ అంటారు. కొలిమి నిప్పు మీద రంగు చూసి చేసేవాళ్ళున్నారు, లేత గడ్డిరంగు వచ్చాక ఆపుతారు. అంతకంటే ఇంట్లో కేకులు చేసే ఓటీజీ నయం. కాకపోతే దాని డయల్‌ని నమ్మకండి, లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కోండి.

కమాన్ పట్టీకి తక్కువేమిటి? కార్బన్ తక్కువ కాబట్టి వంటింట్లో సన్నటి పదును మిగతా వాటంత కాలం నిలవదు. జంగు పడుతుంది. మందంగా ఉంటుంది కాబట్టి బాగా సాగగొట్టించుకోవాలి. చాలామంది కమ్మరులు వేటకత్తి మందంలోనే ఆపేస్తారు, అది ఉల్లిగడ్డను కోయదు, చీలుస్తుంది.

బేరింగ్ ఉక్కు, పనిముట్ల ఉక్కు

ఈఎన్ 31 మన తయారీ దుకాణాల్లో బాగా తెలిసిన పేరు. అమెరికా పట్టికల్లో 52100 అనే బేరింగ్ ఉక్కు ఇదే. కార్బన్ 1 శాతం, క్రోమియం 1.5 శాతం దగ్గర. కార్బైడ్‌లు ఉంటాయి కానీ చాలా సన్నగా, సమంగా పరుచుకుని ఉంటాయి. అందువల్ల అంచు బాగా సన్నగా తీయొచ్చు, అది నిలుస్తుంది, దెబ్బకూ ఓర్చుకుంటుంది. మూడు గుణాల్లో రెండు ఇంత బాగా కుదిరిన మామూలు ధర ఉక్కు నాకు ఇంకోటి తెలియదు. వంటింటికీ అడవికీ ఒకే కత్తి అన్న మాటకు కార్బన్ స్టీళ్ళలో అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదే.

అయితే దీన్ని కొలిమిలో అందాజాగా కాల్చడం కుదరదు. 840 దగ్గర పది నిమిషాలైనా నిలకడగా ఉంచితేనే కార్బన్ సరిపడా కరుగుతుంది. అంటే వేడిని ఒకే లెక్కలో నిలిపే పెట్టెలాంటి మఫిల్ ఫర్నేస్ కావాలి. పాత బేరింగ్ రింగు సాగగొట్టి కత్తి చేయించుకునేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: బేరింగులన్నీ ఈ ఉక్కుతో చేయరు. పెద్దవి కొన్ని పైపొర మాత్రమే గట్టిపరచిన తక్కువ కార్బన్ ఉక్కువి. వాటిని సాగగొడితే కత్తికి లోపలి మెత్తటి ఉక్కే మిగులుతుంది. రాణిగంజ్ వైపు టూల్ స్టీల్ అమ్మే దుకాణంలో గ్రేడ్ అడిగి ఫ్లాట్ కొనుక్కోవడమే మంచిది.

ఓహెచ్‌ఎన్‌ఎస్ అని డైలు, పంచ్‌లు చేసే దుకాణాల్లో వినిపించేది ఓ1 జాతి పనిముట్ల ఉక్కు. కార్బన్ 0.95 దగ్గర, మాంగనీస్ ఒక శాతం పైన, కొంచెం క్రోమియం, కొంచెం టంగ్‌స్టన్. నూనెలో ముంచితే వంకర పోకుండా గట్టిపడుతుంది. దీన్ని గట్టిపరచడం డై దుకాణాల వాళ్ళకు రోజువారీ పని. వంటింటి కత్తికి అద్భుతంగా ఉంటుంది. అడవి పనికి ఈఎన్ 31 కంటే ఓర్పు ఒక మెట్టు తక్కువ. మీ కత్తి నూటికి ఎనభై వంతులు వంటింట్లోనే ఉండేదైతే సంకోచం లేకుండా తీసుకోండి.

1084, 1095 అనే కార్బన్ స్టీళ్ళ పేర్లు విదేశీ వీడియోల్లో ఎక్కువగా వినిపిస్తాయి. 1084 కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అనువైనది, 815 డిగ్రీల దగ్గర కాల్చి నూనెలో ముంచితే చాలు. 1095 అలా కాదు, ఒక్క సెకను ఆలస్యమైనా పూర్తిగా గట్టిపడదు, నీళ్ళలో ముంచితే పగులుతుంది. ముంచినప్పుడు 'టింగ్' అని వినపడితే కత్తి చీలిందని అర్థం.

పవర్ హ్యాక్సా బ్లేడుతో చేసిన కత్తులూ అమ్ముతుంటారు. పూర్తిగా హై స్పీడ్ స్టీల్ అయితే కూరగాయలకు, మాంసానికి చక్కగా కోస్తుంది, పదును నెలల తరబడి నిలుస్తుంది. కానీ కట్టె చీల్చడానికి పనికిరాదు, విరుగుతుంది. కొన్ని బ్లేడుల్లో పళ్ళ వరస మాత్రమే గట్టి ఉక్కు, వెనకంతా మెత్తనిది. అందుకని కొనేముందు అడగాలి.

డీ2 మీద నా అభ్యంతరం

మన దుకాణాల్లో హెచ్‌సీహెచ్‌సీఆర్ అని పిలిచే కోవలోదే డీ2. కార్బన్ 1.5, క్రోమియం 12 శాతం. చాలామంది దీన్ని సగం స్టెయిన్‌లెస్ అని చెప్పి అంటగడతారు. 12 శాతం క్రోమియం వినడానికి బాగుంటుంది. కానీ అందులో చాలా భాగం కార్బైడ్‌లలో చిక్కుకుపోతుంది. జంగును ఆపేది ఉక్కులో కరిగి విడిగా ఉన్న క్రోమియమే. అందుకే చింతపండు పులుసు తగిలిన డీ2 కత్తిని రాత్రంతా సింకులో వదిలేస్తే పొద్దునకు చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. మామూలు కార్బన్ స్టీల్ మీద జంగు పైపైన పట్టి రుద్దితే పోతుంది, దీని మీద లోపలికి తొలుస్తుంది.

రెండోది, మామూలు పద్ధతిలో కరిగించి పోసిన డీ2లో కార్బైడ్‌లు పెద్దవి. మందపాటి అంచుతో ప్రెస్ టూల్‌గా వాడినప్పుడు అవి బలం. వంటింటి కత్తికి తీసే సన్నటి అంచులో అవే ఊడి పెచ్చులు లేస్తాయి. అట్టపెట్టెలు, తాళ్ళు కోసే జేబు చాకుకు డీ2 మంచిదే. నాటుకోడి బొక్క మీదా వెదురు కణుపు మీదా పడే కత్తికి నేను ఎవరికీ చెప్పను.

స్టెయిన్‌లెస్‌లో ఏది

ముందుగా ఒక మాట. గిన్నెలు, సింకులు చేసే 304 స్టీల్‌తో కత్తి కావాలని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, కార్బన్ మాత్రం 0.08కి మించదు. ఎంత కాల్చి ముంచినా అది గట్టిపడదు. అయస్కాంతానికి అంటుకోని ముక్క తెచ్చి కత్తి చేస్తానంటే వద్దని చెప్పండి.

కత్తికి పనికొచ్చే స్టెయిన్‌లెస్‌లో జర్మన్ కంపెనీలు ఎక్కువగా వాడే 1.4116 ఒకటి: కార్బన్ 0.5, క్రోమియం 15 శాతం. ఓర్పు ఎక్కువ, జంగు దాదాపు పట్టదు, పదును మాత్రం తొందరగా తగ్గుతుంది. జపాన్ వాళ్ళ వీజీ10 దీనికి ఎదురు. కార్బన్ 1 శాతం, క్రోమియం 15, కొంచెం కోబాల్ట్. కూరగాయల మీద హాయిగా ఉంటుంది, కట్టె మీద కొట్టగానే అంచు చిట్లుతుంది.

ఈ రెండింటి నడుమ నిలిచేవి ఏఈబీ-ఎల్, 14సీ28ఎన్. మొదటిది స్వీడన్‌లో గడ్డం గీసుకునే బ్లేడుల కోసం పుట్టింది, కార్బన్ 0.67, క్రోమియం 13 శాతం. రెండోది కూడా స్వీడన్‌దే, కార్బన్ 0.62, క్రోమియం 14, దానికి తోడు 0.11 శాతం నత్రజని. నత్రజని గట్టిదనం ఇస్తూనే జంగును ఆపడానికి సాయపడుతుంది. రెండింట్లోనూ కార్బైడ్‌లు మరీ సన్నవి. అందుకే 60 గట్టిదనం దగ్గర కూడా దెబ్బకు ఓర్చుకుంటాయి, మామూలు రాయి మీదే పదునెక్కుతాయి. ఉప్పూ పులుపూ ఎక్కువగా వాడే మన వంటింటికి 14సీ28ఎన్ ఒక పాలు ఎక్కువ నచ్చుతుంది నాకు. ఎంత స్టెయిన్‌లెస్ అయినా ఊరగాయ ఉప్పు అంటిన కత్తిని అలాగే వదిలేయకూడదు, ఉప్పు దీన్నీ తొలుస్తుంది.

ఇక్కడ కొలిమి మాట మర్చిపోవాలి. ఈ ఉక్కులకు 1,050 డిగ్రీలు దాటిన వేడి కావాలి, అదీ గాలి తగలకుండా. ఆపైన అల్యూమినియం పలకల మధ్య అదిమి చల్లార్చాలి, ఆ వెంటనే సున్నా కంటే చాలా కిందికి చలువ పెట్టాలి. బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో డైలకు వాక్యూమ్ హీట్ ట్రీట్‌మెంట్ చేసే యూనిట్లున్నాయి. ఒక్క కత్తికి ఫర్నేస్ వెలిగించమంటే వాళ్ళకు గిట్టదు. నలుగురు కలిసి బ్లేడులు కోయించి ఒకేసారి పంపితే ఖర్చు పంచుకోవచ్చు. పంపేటప్పుడు స్టీల్ పేరు, కావలసిన గట్టిదనం, చలువ సంగతి కాగితం మీద రాసివ్వండి, నోటిమాట చాలదు.

ఎం390, మాగ్నాకట్ లాంటి పొడి ఉక్కుల గురించి, అంటే లోహపు పొడిని అదిమి తయారుచేసే వాటి గురించి కూడా అడుగుతుంటారు. మాగ్నాకట్ 2021లో వచ్చింది, కత్తి కోసమే తయారైన గొప్ప ఉక్కు. కానీ వీటిల్లో 4 శాతం దగ్గర వెనేడియం ఉంటుంది. వెనేడియం కార్బైడ్ మన మామూలు సానరాళ్ళ కంటే గట్టిది, డైమండ్ ప్లేట్ లేకుండా పదును సరిగ్గా రాదు. దిగుమతి ధర, వాక్యూమ్ ఫర్నేస్, డైమండ్ ప్లేట్ ఖర్చు అన్నీ కలిపి చూసుకున్నాక కూడా కావాలనిపిస్తే తీసుకోండి.

డమాస్కస్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆ పేరుకు మూలమైన ఉక్కు మన గడ్డ మీదే పుట్టింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వోయ్సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములను చూసి రాసిపెట్టాడు. అందులో కార్బన్ 1.5 శాతం దగ్గర ఉండేది, గీతలు ఉక్కు లోపలి నుంచే తేలేవి. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేది వేరు: 1095, నికెల్ కలిసిన 15ఎన్20 లాంటి రెండు ఉక్కులను పొరలు పొరలుగా అతికించి, యాసిడ్‌లో ముంచితే నికెల్ ఉన్న పొర మెరుస్తుంది. నిజాయితీగా చేస్తే అందమైన, మంచి కత్తే. కోతలో మాత్రం ఆ రెండు ఉక్కులు ఎంతో అదీ అంతే. ఏ రెండు ఉక్కులు కలిపారో చెప్పలేని వాడి దగ్గర కొనకండి.

మందం

స్టీల్ ఏదైనా, కోసేది మందమే. వీపు 5 మిల్లీమీటర్లుంటే ఏ ఉక్కూ ఆలుగడ్డను తిన్నగా కోయదు. వీపు 3 మిల్లీమీటర్లు, పొడవు 16 నుంచి 17 సెంటీమీటర్లు, వెడల్పు 4 సెంటీమీటర్లు, వీపు నుంచి అంచు దాకా ఒకే ఏటవాలు. ఇది నేను ఇచ్చే కొలత. ఆఖరి పదును తీసే ముందు అంచు వెనక మందం 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. వంటింటికి మాత్రమే అయితే 0.2 చాలు, అడవికి మాత్రమే అయితే 0.6 కావాలి. కొన వైపు వీపును కూడా సన్నం చేయించండి. పదును ఒక్కో పక్క 18 డిగ్రీలు. ఆవకాయకు మామిడికాయలు టెంకతో సహా కొట్టే పని దీనికి పెట్టకండి, ఎండాకాలం మార్కెట్లో కొట్టిచ్చేవాళ్ళుంటారు.

పిడికి టేకు చాలు, జిట్రేగి దొరికితే ఇంకా మంచిది.

చేతికొచ్చాక చూడాల్సినవి

గట్టిదనం 59 అని చెప్పారా? మెకానికల్ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో రాక్‌వెల్ మిషన్ ఉంటుంది. వరంగల్ నిట్‌లో అయితే మెటలర్జీ శాఖే ఉంది. అక్కడ చదివేవాళ్ళో పనిచేసేవాళ్ళో తెలిసి ఉంటే పిడి బిగించకముందే అడిగి చూపించుకోండి. మిషన్ మీద పడే చిన్న చుక్క పిడి కింద దాగిపోయే చోట వేయించాలి.

ఇంట్లో చేసే పరీక్ష ఇంకోటి ఉంది, మిషన్ చెప్పనిది కూడా ఇది చెప్తుంది. వేలి లావు ఇత్తడి కడ్డీని వైస్‌లో అడ్డంగా బిగించి, కత్తి అంచును కడ్డీ మీద పదును కోణంలో ఆనించి, కాస్త బలం పెట్టి పొడవునా జరపండి. వెలుతురుకు ఎదురుగా చూస్తే అంచు సన్నగా పైకి వంగి, కత్తి ముందుకు జరగ్గానే మళ్ళీ తిన్నగా అవుతుంది. వంగి అలాగే ఉండిపోతే మెత్తగా ఉంది. కొరికినట్టు చిట్లితే టెంపరింగ్ చాలలేదు, మళ్ళీ ఓటీజీలో ఒక పది, పదిహేను డిగ్రీలు పెంచి పెట్టమని తిరిగి ఇవ్వండి. ఆ మాట వినగానే చేసినవాడు చిన్నబుచ్చుకోకుండా తీసుకుంటే, తర్వాతి కత్తి కూడా వాడి దగ్గరే చేయించుకోండి.

సాన పట్టించేటప్పుడు కాలుతో తిప్పే చక్రం నయం. వేగంగా తిరిగే కరెంటు చక్రం మీద పొడిగా పెడితే అంచు నీలిరంగు తిరుగుతుంది. నీలం అంటే 300 డిగ్రీలు, మీరు 200 దగ్గర చేయించిన టెంపరింగ్ ఆ గీత మేరకు పోయినట్టే. ఇంట్లో ఒక 400, ఒక 1000 గ్రిట్ రాయి ఉంటే సాన పట్టేవాడి అవసరం అరుదుగానే పడుతుంది.

కార్బన్ స్టీల్ కత్తిని కడిగి, పొడిగా తుడిచి, కొబ్బరినూనె పూతలా రాసి, ఒర బయట పెట్టాలి. పల్లినూనె వద్దు, జిగటగా గడ్డకడుతుంది. తోలు ఒర ప్రయాణానికి మాత్రమే, నిల్వకు కాదు.

అడవికి తీసుకెళ్ళేముందు ఒక సంగతి తప్పక చూసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్ళకూడదు, ఆ చట్టం చెప్పే ఆయుధాల్లో కత్తి కూడా ఉంది. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. మీరు దిగే చోటు అభయారణ్యం లోపలో బయటో ముందే అటవీ శాఖ కార్యాలయంలో అడగండి. లోపలైతే కత్తి ఇంట్లో వదిలి, కూరగాయలు కోసుకుని డబ్బాల్లో పెట్టుకెళ్ళండి. ఇక పొడవు విషయం: ఇంటి పనికో, సాగుకో, పరిశ్రమకో చేసినవి కాకుండా 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులను ఆయుధాల నియమాలు ఆయుధాల కిందే లెక్కగడతాయి. పైన ఇచ్చిన కొలత ఆ గీతకు బాగా లోపలే ఉంటుంది. బస్సులోనో రైల్లోనో వెళ్తుంటే ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, సంచి అడుగున సర్దుకోండి, నడుముకు తగిలించుకుని తిరగకండి.